వంటగట్టు మీద ఆకుకూరల పెట్టె

(మనుబోలులో మహిళా పొదుపు సంఘముల సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మట్టి లేకుండ, వట్టి నీటిలో ఆకుకూరలు పెంచవచ్చునట గదా, అది నిజమేనా, మా యిండ్లలో సాధ్యమగునా అని ఈ ప్రాంతపు సంఘముల సభ్యులు కొంతకాలముగా మా శాఖవారిని అడుగుచున్నారు. మీ చేతులలోని ఫోనులలో ఆ బొమ్మలు నిత్యము కనబడుచున్నవి. తెల్లని గొట్టములు, ఊదారంగు దీపములు, వాటి క్రింద నవనవలాడు ఆకులు చూచుటకు ముచ్చటగానే ఉన్నవి. వాటి వెంటనే అమ్మకపు ప్రకటనలు కూడ వచ్చుచున్నవి. ఒకరు వేల రూపాయల పెట్టె కొనుమందురు. వేరొకరు సంఘము పేర అప్పు తెచ్చి పెద్ద పందిరి వేయుమందురు.

కావున సమాధానమును మొదటనే చెప్పెదము. ఈ సాగు సాధ్యమే. మన ఇండ్లలో, మన వంటగట్టు మీదనే సాధ్యము. కాని ఒక బకెట్టుతో మొదలుపెట్టవలెను. ఆ బకెట్టులో మూడు పంటలు చేతికి వచ్చువరకు రెండవదానిపై రూపాయి వెచ్చింపరాదు. ఎందువలననో, ఏ విధముగనో నేడు వివరించెదము.

ముందు పేరు సంగతి. దీనిని హైడ్రోపోనిక్సు అందురు. గ్రీకు భాషలో నీరు, పని అను రెండు మాటల కలయిక ఇది. కొందరు జలసేద్యమని తెనిగించుచున్నారు. కాని మన నెల్లూరు తీరమున జలసేద్యమనగానే రొయ్యల చెరువు కన్నులకు కట్టును. కావున మేము దీనిని మట్టి లేని సాగు అనియే పిలిచెదము.

వరి పండు సీమలో ఇది ఎందులకు?

పెన్న నీటితో, చెరువుల నీటితో వడ్లు పండించు జిల్లా మనది. ఇట్టి చోట మట్టి లేని సాగు ఎందులకని పెద్దలు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. మంచి మట్టి, మంచి నీరు, రెండు గజముల పెరడు ఉన్న ఇల్లాలికి ఈ పెట్టెతో పని లేదు. ఆమె పెరటిలో తోటకూర గింజలు చల్లుకొనుటయే మేలు. మట్టి చేయు పనిని మట్టి వలె చౌకగా మరియేదియు చేయజాలదు.

అయితే అందరికి ఆ భాగ్యము లేదు. తీరమునకు దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉన్నది. ఆ నీటితో తడిపిన పెరటిలో తెల్లని పొర పేరును. గింజ మొలిచినను ఆకు అంచులు మాడిపోవును. కొందరి ఇండ్లకు పెరడే లేదు. రహదారి ప్రక్క అద్దె గదులలో, మేడమీది వాటాలలో కాపురముండువారికి వంటగట్టు, కిటికీ అరుగు తప్ప వేరు జాగా లేదు. మరియు మనకు ప్రధానమైన వానలు ఈశాన్య రుతుపవనములతో అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియును. వాయుగుండము పట్టిన దినములలో తోటలు మునిగి, బండ్లు కదలక, కొత్తిమీర కట్ట బంగారమగును. 2015 నవంబరులో కురిసిన భారీ వర్షములకు జిల్లా ఎంత తల్లడిల్లినదో మీరు మరువలేదు.

ఇది రుచికి సంబంధించిన మాట మాత్రమే కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థ 2011లో వెలువరించిన సూచనలలో మనిషికి దినమునకు 50 గ్రాముల ఆకుకూర, గర్భవతికి 100 గ్రాములు ఉండవలెనని చెప్పినది. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 63 మందిలో ఆ లోపము కనబడినది. అన్నము, పులుసు ఉన్న విస్తరిలోనే ఆకుకూర కొరవడుచున్నదన్నమాట.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఆకుకూరలోని ఇనుము మన ఒంటికి సులభముగా పట్టదు. నిమ్మరసము చేర్చినచో కొంత మెరుగుగా పట్టును. గూడూరు నిమ్మకాయ మనకు దగ్గరనే ఉన్నది గదా! కూర దించిన పిమ్మట పిండుకొనవలెను. అట్లని ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన ఇనుప మాత్రలను మానరాదు. ఆకుకూర మాత్రకు తోడు మాత్రమే.

నీరు ఆహారము కాదు

మట్టి లేని సాగులో చేయు మొదటి తప్పు, నీరు పోసినచో మొక్క పెరుగునని నమ్ముట. ఈ సంగతిని మూడు వందల ఏండ్లకు పూర్వమే ఒకరు పరీక్షించి చూచిరి. ఇంగ్లండు దేశస్థుడైన జాన్ వుడ్‌వర్డ్ 1699లో ప్రకటించిన వ్యాసములో, పుదీనా జాతి మొక్కలను వేరువేరు నీళ్ళలో పెంచి, తూచి చూచిన వివరములున్నవి. వాననీటిలో పెట్టిన మొక్క తక్కువ పెరిగినది. థేమ్సు నది నీటిలో పెట్టినది అంతకంటె పెరిగినది. తోటమట్టి కలిపిన నీటిలోనిది ఇంకను బాగుగా పెరిగినది. నీటిలో కరగియున్న మరియేదో పదార్థము మొక్కను పోషించుచున్నదని ఆయన గ్రహించెను.

ఆ పదార్థములేవో 1860వ దశకమున జర్మనీ శాస్త్రజ్ఞులు జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ క్నాప్ తేల్చిరి. మట్టి లేకుండ, కొలిచి కలిపిన లవణముల నీటిలోనే మొక్కను పెంచి చూపిరి. నత్రజని, భాస్వరము, పొటాషియము, కాల్షియము, మెగ్నీషియము, గంధకము అను ఆరు మొక్కకు అధికముగా కావలెను. ఇనుము, జింకు, బోరాను, మాంగనీసు, రాగి, మాలిబ్డినము మొదలగునవి లేశమాత్రముగా చాలును. మట్టిలో ఇవి వేరునకు తమంతట దొరకును. మన పెట్టెలో మాత్రము మనము వేసినదే ఉండును, వేయనిది ఉండదు. పశువును మేతకు విడుచుటకును, కట్టివేసి మేపుటకును ఉన్న భేదమే ఇది. కట్టివేసిన పశువునకు పూటపూట మేత వేయవలసిన బాధ్యత మనదే.

ఆ తరువాత అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున విలియం గెరిక్ అను ఆచార్యుడు 1929 మొదలు ఈ పద్ధతిని ప్రయోగశాల నుండి పంటకు తెచ్చుటకు యత్నించి, 1937లో హైడ్రోపోనిక్సు అను పేరు వ్యాప్తిలోనికి తెచ్చెను. పత్రికలలో గొప్ప ప్రచారము జరిగినది. నేల లేకుండ అద్భుతముగా పండునని జనము వెర్రెత్తిపోయిరి. అప్పుడు అదే విశ్వవిద్యాలయమునకు చెందిన హోగ్లండు, ఆర్నన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఓపికతో పరీక్షలు జరిపి, 1938లో ఒక చిన్న పుస్తకము వెలువరించిరి. మంచి నేలలో పండుదానికంటె నీటిలో అధికముగా పండదని వారు స్పష్టముగా చెప్పిరి. అట్లు చెప్పుచునే, నీటిలో పెంచదలచినవారికి లవణముల మోతాదులను విప్పి చూపిరి. ఆ మోతాదు నేటికిని ప్రపంచమంతట వాడుకలో ఉన్నది. పద్ధతి మంచిదే, ప్రచారమే అతిగా ఉన్నదని వారు చూపిన వివేకము నేటి ప్రకటనలు చూచువారికి కూడ అవసరము.

మన దేశమున ఈ సాగునకు ఆద్యస్థానము అప్పటి డార్జిలింగు జిల్లాలోని కాలింపాంగు. షోల్టో డగ్లస్ అను శాస్త్రజ్ఞుడు 1946లో అచ్చట ప్రయోగములు ఆరంభించెను. ఖరీదైన యంత్రములు సామాన్యులకు అందవని గ్రహించి, తొట్లలో రాతిముక్కలు, ఇసుక నింపి, లవణముల పొడి చల్లి, చేతితో నీరు పోయు సులువైన పద్ధతిని రూపొందించెను. దానికి బెంగాలు పద్ధతి యని పేరు వచ్చినది. మోటారు లేకపోయినను, ఊదారంగు దీపము లేకపోయినను మట్టి లేని సాగు సాగునని మన దేశమే ఏనాడో నిరూపించినదన్నమాట.

మోటారు లేని బకెట్టు

మొదటిసారి చేయువారికి మేము చెప్పు పద్ధతి ఇంకను సులువు. హవాయి విశ్వవిద్యాలయపు ఉద్యాన శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ క్రాట్కీ దీనిని ప్రచారములోనికి తెచ్చెను. దీనికి కరెంటు అక్కరలేదు. నీటిని త్రిప్పు గొట్టములు అక్కరలేదు.

కావలసిన సామాను ఇది: మూత గల పది లీటర్ల బకెట్టు ఒకటి, అడుగునను ప్రక్కలను చిల్లులు గల చిన్న ప్లాస్టిక్ గిన్నెలు నాలుగు, కొంచెము కొబ్బరిపొట్టు, విత్తనములు, మొక్కల ఆహారపు ద్రావణము. బకెట్టు రంగు ముదురుగా ఉండవలెను. వెలుతురు లోపలికి దూరినచో నీటిలో పాచి పట్టును. తెల్ల బకెట్టే ఇంట ఉన్నచో దానికి నల్లని గుడ్డ గాని, పాత గోనె గాని చుట్టవలెను. పురుగుమందులు, రంగులు, కిరోసిను వంటివి పోసియుంచిన డబ్బాలు ఎంత కడిగినను పనికిరావు. తినుబండారములు ఉంచినదే తీసికొనవలెను.

మూతకు నాలుగు రంధ్రములు చేసి, గిన్నెలు జారిపడకుండ అంచు మీద నిలుచునట్లు అమర్చవలెను. రెండు గిన్నెల నడుమ కొంత దూరముండిన మంచిది. గిన్నెలలో కడిగిన కొబ్బరిపొట్టు వదులుగా నింపవలెను. కొబ్బరిపొట్టులో ఒక్కొక్కప్పుడు ఉప్పు ఉండును. కావున రెండు మూడు మారులు మంచినీటిలో నానబెట్టి పిండిన పిమ్మటనే వాడవలెను.

ఏ నీరు?

మన ప్రాంతమున ఈ సాగు గెలుచుటయో ఓడుటయో నీటి దగ్గరనే తేలిపోవును. బోరు నీటిలోని ఉప్పు మొక్కకు ఆహారము కాదు. మొక్క నీటిని త్రాగుకొలది ఉప్పు బకెట్టులో మిగిలి, చిక్కబడి, తుదకు వేరును కాల్చివేయును. కావున ఉప్పు బోరు నీరు ఈ బకెట్టులో పోయరాదు. వాటరు ప్లాంటులో శుద్ధి చేసి అమ్ము క్యాను నీరు బాగుగా పనికివచ్చును. ఆ ప్లాంటు వెలుపలికి వదలు వృథానీరు మాత్రము బోరు నీటికంటె ఉప్పన. అది పనికిరాదు.

వాననీరు అన్నిటికంటె మేలు. డాబా మీద మొదటి వాన దుమ్మును కడిగి పోయిన పిమ్మట, తరువాతి వాననీటిని గుడ్డతో వడగట్టి, మూత గల డ్రమ్ములో దాచుకొనవలెను. పది లీటర్ల బకెట్టునకు నాలుగైదు వారములకు ఒక్కసారి నింపిన నీరే సరిపోవును గనుక, ఒక డ్రమ్ము నీటితో ఎన్నో పంటలు తీయవచ్చును.

నీటిలోని లవణములను కొలుచుటకు కలము వంటి చిన్న పరికరము దొరకును. దానిని టి.డి.ఎస్. మీటరు అందురు. ఆహారము కలుపక ముందు నీటిలో ముంచినప్పుడు అంకె 200 లోపుగా ఉన్నచో నిశ్చింతగా వాడవచ్చును. 500 దాటిన నీటిని మొక్కకు పోయవద్దు.

ఏ ఆహారము?

యూరియా చారెడు కలిపిన సరిపోదా అని రైతు సోదరులు అడుగుదురు. సరిపోదు. యూరియాను మట్టిలోని సూక్ష్మజీవులు మార్చిన పిమ్మటనే వరిమొక్క దానిలోని నత్రజనిని బాగుగా గ్రహించును. బకెట్టులో మట్టి లేదు, ఆ జీవులును తగినన్ని లేవు. డి.ఏ.పి. కూడ ఇందుకు తగదు. పంతొమ్మిది-పంతొమ్మిది-పంతొమ్మిది అను నీటిలో కరగు ఎరువులో కాల్షియము ఉండదు, నత్రజనిలో పెద్ద భాగము యూరియా రూపముననే ఉండును. దానిని ఒక్కదానినే నమ్ముకొనిన మొక్క కొన్నాళ్ళకు కుంగిపోవును.

మొదటిసారి చేయువారు మట్టి లేని సాగుకని ప్రత్యేకముగా తయారుచేసిన ద్రావణము కొనుట మంచిది. అది ఎ, బి అను రెండు సీసాలుగా వచ్చును. రెండెందులకు? ఒకదానిలో కాల్షియము, రెండవదానిలో భాస్వరము, గంధకము ఉండును. చిక్కగా ఉన్నప్పుడు ఈ రెండును కలిసినచో సున్నపు తేరువలె అడుగున పేరుకొనును. పేరుకొనినది మొక్కకు అందదు. కావున బకెట్టు నిండ నీరు పోసిన పిమ్మట ఎ సీసాలోనిది కొలిచి పోసి, బాగుగా కలిపి, తరువాతనే బి సీసాలోనిది పోయవలెను. రెండింటిని ఒకే గరిటెలో కలుపరాదు.

సీసా మీద వ్రాసిన మోతాదును మించరాదు. లేత మొలకకు అందులో సగమే చాలును. ఆకుకూరల బకెట్టులో టి.డి.ఎస్. మీటరు 600 నుండి 900 వరకు చూపిన తగును. నీటి పులుపును రంగు కాగితముతో చూచుకొనవలెను. పి.హెచ్. 5.5 నుండి 6.5 వరకు ఉన్నప్పుడు ఆహారము వేరునకు చక్కగా అందును. అంకె అంతకు మించినచో ఇనుము అందక చిగురు పచ్చబారును. తగ్గించుటకు అమ్ము ద్రావణమును చుక్కలు చుక్కలుగా వేయవచ్చును. నిమ్మరసమును వేయుదురు గాని దాని ప్రభావము ఎక్కువ దినములు నిలువదు.

విత్తుట, నీటిమట్టము చూచుట

ఏ కూరతో మొదలుపెట్టవలెను? పుదీనాతో మొదలుపెట్టిన ధైర్యము కలుగును. కూరలకొట్టులో కొన్న కట్ట నుండి గట్టి కాడలు నాలుగు తీసి, క్రింది ఆకులు దూసి, గ్లాసు నీటిలో నిలిపినచో వారము పది దినములలో వేరు పుట్టును. వేరు పుట్టిన కాడను గిన్నెలో నాటవలెను. మెంతికూర మూడు వారములకు, తోటకూర నాలుగు వారములకు, పాలకూర ఐదారు వారములకు కోతకు వచ్చును. కొత్తిమీరకు ఓపిక కావలెను. ధనియమును మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి విత్తిన పిమ్మట, మొలక కనబడుటకే వారము నుండి రెండు వారములు పట్టును. కోతకు 40 దినములు చూడవలెను. మందు కలిపి రంగు పూసిన విత్తనములను నీటిలో నానబెట్టి, ఆ నీటిని వంటపాత్రల దరిదాపులకు తేరాదు.

ఇక ఈ పద్ధతి యొక్క మర్మము నీటిమట్టములో ఉన్నది. మొదట గిన్నె అడుగు నీటిని తాకునంతవరకు నింపవలెను. మొక్క నీరు త్రాగుకొలది మట్టము దిగును. వేరు దానిని వెంబడించి క్రిందికి సాగును. పైన నీరు లేని చోట వేలాడు వేరు గాలి పీల్చును, క్రిందిది నీరు పీల్చును. బకెట్టు సగమునకు దిగినదని జాలిపడి మరల అంచువరకు నింపినచో, గాలికి అలవడిన వేరు మునిగి కుళ్ళును. నింపవలసివచ్చినప్పుడు బకెట్టులో మూడవ వంతు మాత్రమే నీరుండునట్లు పోయవలెను. అధికమైన ఆదరముచేత చచ్చు మొక్కలే ఇందులో ఎక్కువ.

వెలుతురు, వేడి

వంటగట్టు మీద అన్ని చోట్ల మొక్క పెరుగదు. తూర్పు కిటికీ ప్రక్కన నాలుగైదు గంటల ఉదయపు ఎండ పడుచోటు శ్రేష్ఠము. పొయ్యికి దగ్గరగా ఉంచినచో సెగకు వాడును, నూనె ఆవిరి ఆకు మీద పేరుకొనును. కాడలు సన్నగా పొడుగై వంగిపోవుచున్నచో వెలుతురు చాలలేదని అర్థము.

కిటికీ లేనివారు తెల్లని ఎల్.ఇ.డి. దీపము వాడవచ్చును. ఖర్చు లెక్క చూచుకొనవలెను. 20 వాట్ల దీపము దినమునకు 14 గంటలు వెలిగిన, నెలకు 8.4 యూనిట్లు అగును. ఆ యూనిట్ల ధరకు బజారులో ఎంత కూర వచ్చునో మీరే పోల్చుకొనవచ్చును. కిటికీ ఉన్న ఇంట దీపము దండుగ.

వేడి మన ప్రాంతపు పెద్ద శత్రువు. నీరు వేడెక్కిన కొలది దానిలో కరగు ప్రాణవాయువు తగ్గును. బకెట్టులోని నీరు 30 డిగ్రీలు దాటినచో వేరుకుళ్ళు తెగులు తేలికగా అంటుకొనును. కావున మొదటి ప్రయత్నము రోహిణి కార్తెలో చేయవలదు. కార్తీకము నుండి మాఘము వరకు మనకు అనువైన కాలము. వేసవిలో సాగించువారు త్రాగునీటి కుండకు చేయు ఉపాయమునే దీనికిని చేయవలెను. బకెట్టును తడి ఇసుక మీద నిలిపి, చుట్టు తడిగుడ్డ కట్టినచో నీరు చల్లగా ఉండును. ఆ కాలమున పాలకూరకంటె తోటకూర, బచ్చలి ఎండను ఓర్చును.

మరువరాని జాగ్రత్తలు

డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురుగులో కాక ఇంటిలోని నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టును. మట్టి లేని సాగు పేర ప్రతి ఇంట ఒక దోమల తొట్టి వెలసినచో మనము చేసినది మేలు కాదు, కీడు. మూతకును గిన్నెకును నడుమ సందు ఉండరాదు. ఖాళీ రంధ్రమును గుడ్డతో బిగించవలెను. వారమునకొకసారి మూత ఎత్తి, నీటిలో పురుగులు కదలుచున్నవేమో చూడవలెను. కదలుచున్నచో ఆ నీటిని వెంటనే ఎండిన నేల మీద పారబోయవలెను.

రెండవది, పిల్లల భద్రత. ఎ, బి సీసాలను ఉప్పు, పంచదార, నూనె డబ్బాల వరుసలో ఎన్నడును ఉంచరాదు. పేరు వ్రాసి, పిల్లల చేతికందని అటక మీద ఉంచవలెను. కొలుచు గరిటెను వంటకు వాడరాదు.

మూడవది, పంట కోసిన పిమ్మట మిగిలిన నీరు. దానిలో ఇంకను ఎరువు ఉన్నది. కొబ్బరిచెట్టు మొదటనో, మునగచెట్టు మొదటనో పోసిన వృథా కాదు. బావిలోను, చెరువులోను పోయరాదు. బకెట్టును సబ్బుతో కడిగి, ఎండలో ఆరబెట్టి, కొత్త నీటితో మరల ఆరంభింపవలెను.

మొక్కను చూచి రోగమును గుర్తించుటకు కొన్ని గుర్తులు కలవు. క్రింది ముదురాకులు పాలిపోవుచున్న నత్రజని చాలలేదు. చిగురుటాకు పచ్చబడి ఈనెలు మాత్రము ఆకుపచ్చగా ఉన్న ఇనుము అందుట లేదు. ఆకు కొనలు మాడిన ఆహారము మోతాదు మించినది, లేక నీటిలో ఉప్పు ఉన్నది. వేరు తెల్లగా ఉండిన క్షేమము, గోధుమరంగు తిరిగి జారుడుగా ఉండి వాసన వేసిన కుళ్ళు.

లెక్క చూచుకొందము

నలుగురున్న ఇంటికి తలకు 50 గ్రాముల చొప్పున నెలకు 6 కిలోల ఆకుకూర కావలెను. నాలుగు గిన్నెల బకెట్టు ఆ అవసరమును తీర్చజాలదు. ఒక కోతకు ఒక పూట పప్పులోనికి సరిపడు ఆకు వచ్చిన అది మంచి పంట. కొత్తిమీర, పుదీనా మాత్రము ఏ పూటకాపూట నాలుగు రెమ్మలు తుంచుకొనుటకు చాలును. ఇంటి కూర అంతయు దీనినుండియే వచ్చునని చెప్పువారి మాట నమ్మరాదు. బజారు కూరను మానుటకు కాక, బజారు కూర అందని దినమున విస్తరి వెలితి కాకుండుటకు ఇది పనికివచ్చును. పిల్లలు తమ చేతితో పెంచిన ఆకును తినుటకు మారాము చేయరు. అదియు ఒక లాభమే.

ఇక సంఘపు అప్పు సంగతి. ఈ జిల్లా మహిళలకు పొదుపును గురించి మేము చెప్పగలిగినది లేదు. 1990వ దశకపు ఆరంభమున దూబగుంట నుండి సారా వ్యతిరేకోద్యమమును నడిపినవారు, పొదుపులక్ష్మి పేర రోజుకొక రూపాయి కూడబెట్టినవారు ఈ జిల్లా స్త్రీలే. అట్లు చేరిన ధనమును ప్రకటన చూచి పందిరికి పెట్టుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఆకు ఎవరు కొందురు, ఏ ధరకు కొందురు? మట్టిలో పండిన తోటకూర చౌకగా దొరకు సంతలో మన ఆకునకు అధిక ధర ఎవరు ఇత్తురు? కరెంటు ఆరు గంటలు పోయినచో మోటారుతో నడచు గొట్టములలోని వేరు ఏమగును? కోసిన ఆకు నెల్లూరునకో, చెన్నైకో వాడకుండ ఎట్లు చేరును? వీటికి కాగితము మీద సమాధానము వ్రాయగలిగిన సంఘమే ముందుకు పోవచ్చును. వ్రాయలేనిచో బకెట్టు దగ్గరనే నిలుచుట గౌరవమునకు లోటు కాదు.

సంఘముగా చేయదగిన పని వేరొకటి కలదు. టి.డి.ఎస్. మీటరు ఇంటింటికి కొననక్కరలేదు, సంఘమునకు ఒకటి చాలును. ఎ, బి సీసాలను కలిసి కొనవచ్చును. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున వాడు ద్రావణమైనచో, ఒక్కొక్క లీటరు సీసా 200 లీటర్ల నీటికి సరిపోవును. అనగా పది మంది సభ్యులు తలకు రెండు మారులు తమ బకెట్టు నింపుకొనవచ్చును. ఒక నోటుపుస్తకములో విత్తిన తేదీ, నీటి అంకె, కోసిన తేదీ, తూచిన బరువు వ్రాసికొనవలెను. సమావేశము జరిగిన ప్రతిసారి పది నిమిషములు ఆ పుస్తకము చదివికొనినచో, ఒకరి ఇంట చచ్చిన మొక్క మిగిలిన తొమ్మిది ఇండ్లకు పాఠమగును. సందేహము వచ్చినప్పుడు ఉద్యాన సహాయకుని అడుగవచ్చును.

చివరిగా మీకందరికి ఒక పని అప్పగించుచున్నాము. దీనికి ఖర్చు లేదు. రేపు కొనబోవు పుదీనా కట్టనుండి ఆరు కాడలు వేరుచేసి, రెండు గ్లాసులలో మూడేసి చొప్పున నీటిలో నిలుపుడు. గ్లాసులకు కాగితము చుట్టి, మూడు దినములకొకసారి నీరు మార్చుడు. రెండింటను వేరు పుట్టిన పిమ్మట, ఒకదానిలో మాత్రము మేము నేడు పంచిపెట్టిన ద్రావణమును చెప్పిన మోతాదున కలుపుడు. మూడు వారములు గడచిన పిమ్మట రెండు గ్లాసులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. 1699లో వుడ్‌వర్డ్ చూచినది మీ వంటగట్టు మీదనే మీకు కనబడును. బకెట్టు కొనవలెనా, వలదా అను నిర్ణయమును ఆ దినమున తీసికొనవచ్చును.